నడిసముద్రంలో పనివాడి మాట

ప్రత్యేక సంచికకు కార్మిక చరిత్ర మీద ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు నెల రోజులుగా అడుగుతున్నారు. సికింద్రాబాదు వాణ్ణి గనుక 1974 మే రైల్వే సమ్మె గురించి రాస్తానని ఆయన ఆశ. ఆ సమ్మెలో ఉద్యోగం పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకున్న పెద్దలు మనలోనే ఉండగా, ఆ ఇరవై రోజులూ ఆఫీసు కిటికీలోంచి చూసిన గుమాస్తా దాని చరిత్ర రాయడం బాగుండదు. అందుకని సముద్రం గురించి రాస్తున్నాను. హుస్సేన్ సాగర్ తప్ప వేరే సముద్రం ఎరగని ఊళ్ళో ఇదేమిటని నవ్వకండి. ఆ సముద్రం ఒకసారి నా బల్ల మీదికి ఫైలు రూపంలో వచ్చింది.

1990ల మొదట్లో నేను పనిచేసిన సెక్షనులో పనివారి నష్టపరిహారం కేసుల కాగితాలు నా సీటుకు వచ్చేవి. ఒకనాడు కోనసీమ నుంచి ఒకావిడ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె భర్త బొంబాయి వైపు సముద్రంలో చమురు తీసే ప్లాట్‌ఫాం మీద కంట్రాక్టు పనికి వెళ్ళాడు. ఉక్కు స్తంభాలకు పట్టిన తుప్పు గీకి రంగు వేసే పని. ఒక సాయంత్రం పరంజా మీదనుంచి జారి నీళ్ళలో పడ్డాడు. వెతికారు, దొరకలేదు. కంట్రాక్టరు ఆఫీసు సికింద్రాబాదులో ఒక సందులో, మేడమీద రెండు గదులు. ఆ కంట్రాక్టరు ఇచ్చిన జవాబు ఒకటే వాక్యం: "సదరు వ్యక్తి పేరు మా మస్టర్ రోల్‌లో లేదు." మనిషిని పంపింది ఇంకొక చిన్న కంట్రాక్టరట. ఆ చిన్న కంట్రాక్టరు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

ఆమె నాతో అన్న మాట ఇప్పటికీ మరవలేదు. "శవం చూపిస్తేనే చచ్చిపోయినట్టంటన్నారండి. సముద్రాన్ని ఎక్కణ్ణించి పట్టుకురమ్మంటారండి బాబూ?"

మన పెన్షనర్లకు ఈ చిక్కు కొత్తది కాదు. మనిషి కనపడకుండా పోతే ఏడేళ్ళు గడిచాకే చనిపోయినట్టు భావించవచ్చని 2024 దాకా అమల్లో ఉన్న 1872 నాటి సాక్ష్య చట్టం 108వ సెక్షను చెప్పేది. ప్రభుత్వోద్యోగి అదృశ్యమైతే కుటుంబం ఏడేళ్ళు పస్తుండనక్కర లేకుండా, పోలీసు రిపోర్టు ఇచ్చి ఏడాది ఆగితే కుటుంబ పెన్షను ఇవ్వవచ్చని 1986లో కేంద్రం ఉత్తర్వు చేసింది. తరువాత ఆ గడువును ఆరు నెలలకు తగ్గించారు. ఆ ఉత్తర్వు ఊరికే రాలేదు. మన సంఘాలు మహజర్ల మీద మహజర్లు పెడితే వచ్చింది. కోనసీమ ఆవిడ భర్త తరఫున మహజరు పెట్టే సంఘం ఏదీ లేదు. అది ఎందుకు లేదన్న ప్రశ్న వెంటబడి, ఆ రోజుల నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతూ వచ్చాను.

చదివినదాంట్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించినది పైపర్ ఆల్ఫా కథ. స్కాట్లండులో అబర్డీన్ రేవుకు సుమారు 190 కిలోమీటర్ల దూరంలో, ఉత్తర సముద్రంలో నిలబెట్టిన ప్లాట్‌ఫాం అది. 1976 చివర్లో చమురు తీయడం మొదలుపెట్టింది. 1988 జూలై 6 రాత్రి కాలిపోయింది. దాని మీద ఉన్నది 226 మంది. వారిలో 165 మంది, రక్షించడానికి పడవలో వచ్చినవారిలో ఇద్దరు, మొత్తం 167 మంది చనిపోయారు. గుమాస్తాగా బతికినవాణ్ణి గనుక ఆ మంట ఎక్కడ పుట్టిందో చదివినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. అది పుట్టింది కాగితాల దగ్గర.

అక్కడ రెండు పంపులుండేవి. ఒకటి నడుస్తుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు ఒక పంపును మరమ్మతుకని ఆపారు. దానికి ఒక పర్మిట్ కాగితం. అదే పంపుకు సంబంధించిన భద్రతా వాల్వును పరీక్షకని ఊడదీశారు. దానికి వేరే పర్మిట్ కాగితం. సాయంత్రం షిఫ్టు ముగిసేసరికి వాల్వు తిరిగి బిగించడం కాలేదు. వాల్వు ఉండే చోట ఉత్త రేకు మూత పెట్టి, పని రేపటికి వాయిదా వేసి వెళ్ళిపోయారు. రాత్రి పదింటి ముందు నడుస్తున్న పంపు ఆగిపోయింది. రాత్రి షిఫ్టువారు చూస్తే మరమ్మతు కాగితం కనపడింది. ఆ మరమ్మతు ఇంకా మొదలే కాలేదు గనుక పంపును వాడుకోవచ్చనుకున్నారు. వాల్వు లేదని చెప్పే రెండో కాగితం వారి కంటపడలేదు. ఒక కాగితం మీద రెండోదాని నంబరు వేసి లేదు. పగటి షిఫ్టువారు ఛార్జి అప్పగించేటప్పుడు నోటితోనూ చెప్పలేదు. పంపు ఆన్ చేశారు. మూతలోంచి గ్యాసు ఎగజిమ్మింది.

రైల్వే మిత్రులకు ఇది ఒక్క మాటలో చెప్పవచ్చు. సింగిల్ లైనులో ఒక సెక్షనుకు బయటికి వచ్చే టోకెను ఒకటే. తోలు సంచీలో పెట్టి వలయానికి తగిలించిన ఆ టోకెను చేతికి అందితే తప్ప డ్రైవరు బండి కదిలించడు. పైపర్ ఆల్ఫాలో ఒకే పంపుకు రెండు టోకెన్లున్నాయి. ఒకటి మాత్రమే చేతికందింది.

తక్కినది చెప్పాలంటే బాధ. నీళ్ళలో డైవర్లు పనిచేస్తున్నందువల్ల, వారు పంపు లోపలికి ఈడ్చుకుపోకుండా మంటలార్పే పంపులను ఆటోమేటిక్ నుంచి తప్పించి చేతితో నడిపే పద్ధతిలో పెట్టారు. పేలుడు తరువాత వాటి దగ్గరకు ఎవరూ చేరలేకపోయారు. పక్క ప్లాట్‌ఫాంలు ఈ మంట కళ్ళారా చూస్తూనే కొంతసేపు చమురు, గ్యాసు పంపుతూనే ఉన్నాయి. ఆపమని పైవారి నుంచి ఆజ్ఞ రాలేదు మరి. అత్యవసరంలో అందరూ వసతి గదుల్లో చేరి హెలికాప్టరు కోసం ఎదురుచూడాలని నియమం. నియమం పాటించి ఎదురుచూసినవారిలో చాలామంది పొగకు చనిపోయారు. బతికిన 61 మందిలో ఎక్కువమంది నియమం కాదని నీళ్ళలోకి దూకినవారే. ముప్పై ఏళ్ళకు పైగా రూల్సు పుస్తకం పట్టుకుని బతికిన నాలాంటివాడికి ఇది మింగుడుపడని సంగతి.

ఇంకొక విషయం. దానికి పది నెలల ముందు, 1987 సెప్టెంబరులో, అదే ప్లాట్‌ఫాం మీద ఒక కార్మికుడు ప్రమాదంలో చనిపోయాడు. అప్పుడు కూడా బయటపడింది పర్మిట్ల లోపం, షిఫ్టు అప్పగింతల లోపమే. కంపెనీ కోర్టులో తప్పు ఒప్పుకుంది. లోపం ఉన్నదని పనివారికి తెలియదా? తెలుసు. మరి ఎందుకు చెప్పలేదు?

చెప్పినవాడికి ఏమయ్యేదో ఆ సముద్రంలో పనిచేసినవారంతా ఎరుగుదురు. అక్కడివారు ఎక్కువమంది కంట్రాక్టు మనుషులు. పైపర్ ఆల్ఫాలో చనిపోయినవారిలోనూ కంట్రాక్టు మనుషులే ఎక్కువ. రెండు వారాలు సముద్రం మీద, మిగతా రోజులు ఇంటి దగ్గర. నోరు విప్పినవాడి పేరు ఎదుట ఎన్.ఆర్.బి. అని మూడు అక్షరాలు పడేవి. "ఇతన్ని మళ్ళీ పంపనక్కర లేదు" అని దాని తాత్పర్యం. ఛార్జిషీటు లేదు, సంజాయిషీ లేదు, అప్పీలు లేదు. తరువాతి విడత హెలికాప్టరులో ఆ మనిషికి సీటు ఉండదు, అంతే. మనల్ని సస్పెండు చేయాలన్నా మెమో ఇవ్వవలసి వచ్చేది గదా!

బ్రిటనులో నేల మీద ఫ్యాక్టరీలకు 1977 నిబంధనల ప్రకారం గుర్తింపు పొందిన యూనియనుకు తన భద్రతా ప్రతినిధిని తాను నియమించుకునే హక్కు ఉండేది. ఆ హక్కు తీరం దాటలేదు. అబర్డీన్ రేవులో ఉన్న హక్కు హెలికాప్టరు ఎక్కగానే పోయేదన్నమాట. యూనియను నాయకుడు కార్మికులతో మాట్లాడాలంటే అతనూ కంపెనీ హెలికాప్టరులోనే వెళ్ళాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి కరపత్రం పంచినట్టు సముద్రంలో పంచలేరు. ఈ చిన్న విషయం మీదనే ఆ కార్మికుల సంఘటన అంతా ఆగిపోయింది.

ప్రమాదం తరువాత కార్మికులు 1989లో ఓ.ఐ.ఎల్.సి. అనే సంస్థ పెట్టుకున్నారు. 1989లోనూ 1990లోనూ ప్లాట్‌ఫాంల మీదనే కూర్చుని, దిగం పొమ్మని సమ్మె చేశారు. వారిలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఆ సంస్థ తరువాత స్వతంత్ర యూనియనుగా మారి, 2008లో రైల్వే, నావికుల యూనియను అయిన ఆర్.ఎం.టి.లో కలిసిపోయింది. ప్రభుత్వం 1989లో భద్రతా ప్రతినిధుల నిబంధనలు తెచ్చింది. అయితే ప్రతినిధిని కార్మికులు ఎన్నుకుంటారు, యూనియను నియమించదు. లార్డ్ కల్లెన్ విచారణ జరిపి 1990 నవంబరులో నివేదిక ఇచ్చారు. 106 సిఫారసులు చేశారు, అన్నిటినీ అంగీకరించారు. వాటిలో ముఖ్యమైనది, చమురు తీయించే మంత్రిత్వ శాఖ చేతిలో భద్రత తనిఖీ ఉండరాదని దానిని వేరే సంస్థకు అప్పగించడం. మాట్లాడిన ప్రతినిధిని వేధించకుండా 1992లో మరొక చట్టం వచ్చింది. ఇన్ని జరిగినా కంపెనీ మీద క్రిమినల్ కేసు మాత్రం పెట్టలేదు.

నార్వే వాళ్ళు ఈ విషయంలో ముందున్నారు. 1977 చట్టంతోనే కార్మికుల భద్రతా ప్రతినిధికి, ప్రాణాపాయమనిపిస్తే పని ఆపించే అధికారం ఇచ్చారు. అయినా 1980 మార్చి 27న అక్కడే అలెగ్జాండర్ కీలండ్ అనే తేలే వసతి గృహం తిరగబడి 123 మంది చనిపోయారు. ఒక ఉక్కు దూలంలో పాత పగులు పెరిగి పెరిగి తెగింది. ప్రతినిధి ఉన్నంత మాత్రాన పగులు కనపడదు. ఇది కూడా ఒప్పుకోవాలి.

ఇక మన సంగతి. ఓ.ఎన్.జి.సి. 1956లో ఏర్పడింది. 1974 ఫిబ్రవరిలో సాగర్ సామ్రాట్ నౌక బొంబాయికి పడమర సముద్రంలో చమురు కనుక్కుంది. 1976 మేలో ఉత్పత్తి మొదలైంది. మన తీరానికొస్తే నర్సాపురం దగ్గర 1978లో గ్యాసు పడింది. సముద్రంలో రవ్వ క్షేత్రం 1987లో, కాకినాడకు ఎదురుగా లోతు నీళ్ళలో డి-6 గ్యాసు 2002లో కనుక్కున్నారు. ఆ గ్యాసు 2009 ఏప్రిల్లో గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరింది. 2024 జనవరిలో అదే సముద్రంలో ఓ.ఎన్.జి.సి. కూడా లోతు నీళ్ళ చమురు తీయడం మొదలుపెట్టింది.

చమురు బావి ఎంత ప్రమాదమో మనవాళ్ళకు తెలిసింది పాశర్లపూడితో. 1995 జనవరి 8న అంటుకున్న బావి 65 రోజులు మండింది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. రోజూ పేపర్లో ఆ మంట ఫొటో చూసి ఆఫీసులో అందరూ "మీ చమురు ఫైలు ఎంతవరకు వచ్చింది?" అని నన్ను అడిగేవారు. అది నేల మీద బావి. పరుగెత్తడానికి కొబ్బరితోట ఉంది. సముద్రం మీద పరుగెత్తడానికి చోటేదీ?

2005 జూలై 27న ఆ ప్రశ్న బొంబాయి హైలో ఎదురైంది. సముద్ర సురక్ష అనే సహాయక నౌక మీద ఒక వంటమనిషి వేళ్ళు తెగాయి. ముందురోజు బొంబాయిని ముంచెత్తిన వానకు హెలికాప్టర్లు లేవలేదు. గాయపడినవాణ్ణి ప్లాట్‌ఫాం మీదికి చేర్చడానికి నౌక దగ్గరగా వచ్చింది. గాలి తక్కువగా ఉండే వైపు క్రేను పనిచేయడం లేదు గనుక గాలికి ఎదురు వైపునుంచి రావలసి వచ్చింది. అలలకు నౌక ఊగి గ్యాసు గొట్టాలను కొట్టింది. రెండు గంటల్లో ఏడంతస్తుల ప్లాట్‌ఫాం కూలిపోయింది. అక్కడ ఉన్న 384 మందిలో 362 మందిని కాపాడడం నిజంగా గొప్ప విషయం. 22 మంది పోయారు, వారిలో సగంమంది శవాలు దొరకలేదు. మళ్ళీ అదే చిక్కు. ఒక క్రేను చెడిపోయి ఉంటే దాని మరమ్మతు ఫైలు ఎవరి బల్ల మీద ఉండేదోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తరువాత 2008లో సముద్ర కార్యకలాపాల భద్రతా నిబంధనలు వచ్చాయి. వాటి అమలు 1986లో పెట్టిన చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటుకు అప్పగించారు. ఆ డైరెక్టరేటు పెట్రోలియం మంత్రిత్వ శాఖ కిందిదే. లార్డ్ కల్లెన్ ఏది వద్దన్నారో గుర్తు చేసుకోండి.

మన దగ్గర చట్టం అసలు లేకపోలేదు. 1952 గనుల చట్టం చమురు బావిని కూడా గని అనే అన్నది. 1980ల నిబంధనలతో గనుల్లో కార్మికుల తరఫున వర్క్‌మెన్స్ ఇన్‌స్పెక్టరు, భద్రతా కమిటీ వచ్చాయి. సింగరేణి మిత్రులకు వర్క్‌మెన్స్ ఇన్‌స్పెక్టరు అంటే ఎవరో చెప్పనక్కర లేదు. అక్కడ 1998 నుంచి గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకున్నారు. అయినా 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీరు చొరబడి 17 మంది చనిపోయారు. యూనియను ఉంటే ప్రమాదం జరగదని నేను అనను. జరిగినప్పుడు ఎవరు లోపల ఉన్నారో, పేరేమిటో, ఊరేదో, ఇంట్లో ఎవరున్నారో గంటలో తెలిసింది. కంట్రాక్టు చేతులు మారిన చోట అది తెలియదు.

చమురు సంస్థల్లో రెగ్యులర్ ఉద్యోగులకు యూనియన్లున్నాయి, అధికారులకూ సంఘాలున్నాయి. 2009 జనవరిలో అధికారులు మూడు రోజులు సమ్మె చేస్తే దేశమంతా పెట్రోలు బంకుల ముందు నిలబడింది. అది జీతాల కోసం. తప్పు పట్టడం లేదు, మనమూ జీతాల కోసం చేసినవాళ్ళమే. తుప్పు గీకేవాడి తాడు కోసం ఎవరైనా బంకులు మూయించారా అని మాత్రం అడుగుతాను.

2021 మే 17న తౌక్టే తుపానులో పి-305 అనే వసతి బార్జి మునిగింది. అందులో 261 మంది, దాదాపు అందరూ కంట్రాక్టు పనివారు. హెచ్చరికలు కొన్ని రోజుల ముందే వచ్చాయి. బార్జి చమురు క్షేత్రం దగ్గరే ఆగింది, లంగరు గొలుసులు తెగాయి. దానితోపాటు ఒక టగ్గు కూడా మునిగింది. రెండింటిలో కలిపి ఎనభై మందికి పైగా చనిపోయారు. ప్రాణరక్షణ తెప్పలు చాలా వరకు పనికిరాకుండా ఉన్నాయని బతికివచ్చినవారు చెప్పారు. తెప్పకు చిల్లి ఉందని తుపానుకు ముందే చూసినవాడు ఒక్కడైనా ఉండి ఉంటాడు. ఎవరితో చెప్పాలి? చెబితే తరువాతి విడత పని ఉంటుందా?

కోనసీమ ఆవిడ ఫైలుకు వస్తాను. అక్కడా ఇదే జరిగింది. భర్త పడిపోవడం చూసినవారు నలుగురున్నారు. సాక్ష్యం చెప్పడానికి ఒక్కరూ రాలేదు. అందరికీ తరువాతి విడత పని కావాలి. చివరికి ఆ పని మానేసి ఊళ్ళో చిల్లరకొట్టు పెట్టుకున్న పెద్దాయన ఒకరు సొంత ఖర్చుతో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చి చెప్పారు. కంట్రాక్టరు వకీలు "ఇతను అక్కడ ఉన్నట్టు ఆధారమేమిటి?" అన్నాడు. అప్పుడు ఆ పెద్దాయన, హెలికాప్టరు ఎక్కేముందు మనిషిని బరువు తూస్తారండీ, పుస్తకంలో రాస్తారండీ అని చెప్పారు. మా అధికారి ఆ జాబితా తెప్పించారు. రాకపోకలకు రెండు రిమైండర్లు, అయిదు నెలలు పట్టింది. జాబితాలో పేరు తప్పుగా టైపు అయింది గాని ఇంటిపేరు, ఊరు సరిపోయాయి. ఎదురుగా బరువు, 54 కిలోలు. దిగివచ్చినవారి జాబితాలో ఆ పేరు లేదు.

ఏడేళ్ళు ఆగనక్కర లేకుండా మరణం రుజువయినట్టే అధికారి తీసుకున్నారు. 1923 చట్టం 12వ సెక్షను ప్రకారం కంట్రాక్టరు ఇవ్వకపోతే పని చేయించుకున్న అసలు యజమాని ఇచ్చి, తరువాత కంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవాలి. ఆ లెక్కన సొమ్ము డిపాజిటు అయ్యేసరికి ఆమె మొదటిసారి వచ్చి నాలుగేళ్ళు. చెక్కు తీసుకున్న రోజున ఆ జాబితా నకలు ఒకటి ఇప్పించమని అడిగింది. రూలు ప్రకారం ఫీజు కట్టించుకుని ఇచ్చాను. ఆ ఫీజు నేనే కట్టవలసింది. అప్పుడు తోచలేదు.

ఆ చట్టం పేరు 2010లో ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21 నుంచి అదీ, గనుల చట్టమూ కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయాయి.

మన సభ్యుల కొడుకులు, మనవళ్ళు కొందరు బొంబాయి, కాకినాడ సముద్రాల్లోనూ గల్ఫు దేశాల్లోనూ ఈ పనుల్లో ఉన్నారని తెలుసు. వారు బయలుదేరేటప్పుడు నియామకపు ఉత్తరం, కంట్రాక్టరు లైసెన్సు నంబరు, అసలు కంపెనీ పేరు, గేటు పాసు నకళ్ళు ఇంట్లో ఒక కవరులో పెట్టించండి. ఎవరి తరఫున ఎవరు మనిషిని పంపుతున్నారో ఆ కాగితాల్లో ఉండాలి. ఏదైనా అర్థం కాకపోతే నెలలో మొదటి ఆదివారం మన సంఘం సమావేశానికి తీసుకురండి. చూసి చెబుతాను. కళ్ళద్దాలు మార్చుకున్నాను, ఇప్పుడు చిన్న అక్షరాలు కూడా కనపడుతున్నాయి.